ఒంటి కాపురపు సంతోషములు

పల్లెటూరిలో ఒంటరిగా నున్నామని చెప్పినచో వినువారిలో చాలమంది మొదట జాలిపడుదురు, పిమ్మట కారణమడుగుదురు. కొడుకు చూడడా, కోడలితో పడలేదా, ఆస్తి తగవు లేమైన నున్నవా అని వారి ప్రశ్నలు. ఇవి యేవియు లేకయే ఒక మనిషి తన యిష్టముచేత ఒక పెంకుటింట ఒక్కడే నుండగలడని నమ్ముట మనవారికి కష్టము. నలుగురిలో పుట్టి నలుగురిలో పెరిగిన మనకు ఒంటరి బ్రతుకు శిక్షవలె తోచుట సహజమే. అయినను ఆ బ్రతుకులో కొన్ని చిన్న చిన్న సంతోషము లున్నవి. అవి యెట్టివో, ఏల కలుగునో, నిలుచుటకేమి కావలయునో మాకు తెలిసినంతవరకు ఇచట వివరింపదలచితిమి.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసమున "మేము" అన్న చోటనెల్ల నున్నది ఒక్క మనిషియే. బడిపంతులుగా ముప్పది యేండ్లు పిల్లల యెదుట మాటాడిన అలవాటుచేత బహువచనము మమ్ము వదలలేదు. ఇంట రెండవ మనిషి లేనప్పుడు బహువచనమైనను తోడుండుట మంచిదేకదా!

మా యిల్లు గోదావరి మధ్యడెల్టాలో, అనగా కోనసీమలో, ఒక పంటకాలువ గట్టున నున్నది. ముందు అరుగు, వెనుక పెరడు, పెరటిలో 15 అడుగుల నుయ్యి, పదునెనిమిది కొబ్బరిచెట్లు, ఒక పనస. ఉద్యోగమునకై వచ్చి ఇచటనే స్థిరపడితిమి. మా యిల్లాలు గతించి ఆరేండ్లయినది. కుమారుడు హైదరాబాదులోను, కుమార్తె అమెరికాలోను కాపురమున్నారు. మొదటి యేడాది మాకున్నది ఒంటరితనమే. ఏకాంతము పిమ్మట వచ్చినది. ఒంటరితనమున మన చూపు లేనివారి వైపే యుండును. ఎదుట నున్నది కంటబడదు. అది కంటబడనారంభించిన దినము మాకు బాగుగ జ్ఞాపకమున్నది.

అది పుష్యమాసము. తెల్లవారుజామున చలికి గజగజ వణకుచు నూతికడకు పోయితిమి. వేణ్ణీళ్ళు కాచుకొనుటకు ఓపిక లేక, చన్నీళ్ళే పోసికొందమను మొండితనముతో చేద వేసి తోడితిమి. చేదనుండి సన్నని ఆవిరి లేచుచుండెను. చేయిపెట్టి చూడగా నీరు గోరువెచ్చగా నుండెను. మా యిల్లాలున్నంతకాలము చలిదినములలో మేము లేచుసరికే బాయిలరులో నీళ్ళు కాగి యుండెడివి. అందుచేత ముప్పది యేండ్లు ఆ నూతి నీళ్ళు త్రాగియు, చలికాలపు వేకువను అవి వెచ్చగా నుండునని మేమెరుగము. ఆ ఉదయమున తల తడుపుకొనుచు నవ్వుకొంటిమి. కొంత యేడ్చితిమి కూడ.

ఇందులో వింత యేమియు లేదు. మట్టి వేడిని మిక్కిలి నెమ్మదిగా ప్రసరింపజేయును. పగటి యెండకును రాత్రి చలికిని గల భేదము భూమిలోనికి రెండు మూడడుగులు దిగునప్పటికే దాదాపు అణగిపోవును. వేసవికిని శీతకాలమునకును గల భేదము అంతకంటె లోతునకు దిగును గాని, అదియు పోనుపోను సన్నగిలి, ముప్పది అడుగుల వద్ద లేశమాత్రముగా మిగులును. పైగా వేసవిలో నేలకు తగిలిన వేడి లోతునకు చేరుటకు నెలలు పట్టును. అందువలన మావంటి తీరప్రాంతపు నూతిలో నీరు సంవత్సరము పొడుగునను 27, 28 డిగ్రీలకు కొంచె మిటునటుగా నుండును. పుష్యమాసపు వేకువను పై గాలి 18, 19 డిగ్రీలకు దిగినప్పుడు ఆ నీరే వెచ్చన. రోహిణి కార్తెలో గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ నీరే చల్లన. మారునది నీరు కాదు, మన చేయి. ఎడమచేతిని చల్లని నీటిలోను కుడిచేతిని వేడినీటిలోను కొంతసేపుంచి, పిమ్మట రెంటిని ఒకే గోరువెచ్చని నీటిలో ముంచినచో, ఆ నీరు ఒక చేతికి వేడిగాను ఒక చేతికి చల్లగాను తోచును. జాన్ లాక్ అను ఆంగ్ల తత్త్వవేత్త 17వ శతాబ్దముననే ఈ సంగతిని వ్రాసినాడు. మూడు గిన్నెలతో ఇంటిలోని పిల్లలచేత చేయించి చూడవచ్చును.

ఇక భోజనము. ఒక్కరికి వండుకొనుట నలుగురికి వండుటకంటె కష్టమని వండినవారికే తెలియును. అన్నము అరసోలెడు బియ్యమునకు కుదిరినట్లు గిద్దెడు బియ్యమునకు కుదరదు. పప్పు మరీ కొంచెమైనచో అడుగంటును. ఒంటరివారిలో చాలమంది ఇచటనే ఓడిపోవుదురు. "ఒక్క ప్రాణమునకు వంట యెందుకు?" అని ఒకపూట అటుకులు, ఒకపూట అరటిపండు, ఒకపూట ఏమియు లేక పడుకొందురు. మేమును నాలుగు నెలలు హోటలునుండి వచ్చు క్యారేజీతో గడిపి, నాలుక చచ్చి, చివరకు పొయ్యి వెలిగించితిమి. రాత్రి మిగిలిన అన్నమును మట్టిపిడతలో వేసి, నీళ్ళును రెండు గరిటెల మజ్జిగయు పోసి మూతపెట్టుదుము. మజ్జిగలోని సూక్ష్మజీవులు తెల్లవారులు పనిచేసి పులియబెట్టును. ఉదయమున ఆ చద్దిలో ఉప్పు వేసికొని, ఉల్లిపాయ కొరుకుచు, మాగాయ ముక్కతో పెరటిగుమ్మములో కూర్చుండి తినుటలోని సుఖమునకు సాటి లేదు. ఉప్పు తగ్గించుమని వైద్యుడు చెప్పినాడు. మాగాయను గూర్చి మేమాయన నడుగలేదు.

ఈ సుఖము రుచిలోనే లేదు. ఆకలి వేసిన వేళ, ఆకలి వేసినంత, ఎవరికొరకును వేచియుండక తినుటలో నున్నది. నిజము చెప్పవలెనన్న, ఇందులో కొంత స్వార్థము కూడ కలదు. ముప్పది యేండ్లు మేము తినిన పిమ్మట చల్లారినది తినిన మనిషి ఈ సుఖము నెన్నడు నెరుగదు. ఆ సంగతి చద్ది తినునప్పుడెల్ల తోచును.

ఒంటిగా నున్నవానికి చెవులు పదునెక్కును. కొబ్బరిమట్ట రాలుట, పెంకులపై ఉడుత పరుగు, గోడమీది బల్లి పలుకు—నలుగురున్న యింట ఇవన్నియు మాటలలో మునిగిపోవును. కీచురాళ్ళ సంగతి తీసికొనుడు. వాటి శరీరపు వేడి గాలి వేడినిబట్టి మారును గనుక వెచ్చని రాత్రులలో త్వరత్వరగాను, చలిరాత్రులలో సాగదీసియు కూయును. ఆమోస్ డాల్బియర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1897లో ఆ కూతలను లెక్కించి వేడిని కనుగొను సూత్రము నొకదానిని ప్రకటించినాడు. ఆ సూత్రము ఆ దేశపు పురుగులకు సరిపోవునది. మా పెరటి కీచురాళ్ళకు అట్లే సరిపోవునని చెప్పజాలము గాని, మాఘమునకును చైత్రమునకును గల భేదమును మాత్రము కండ్లు మూసికొని చెప్పగలము. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినప్పుడు మరియొక చిత్రము జరుగును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ డెల్టా బ్రతుకంతయు కాలువలను పట్టుకొనియే సాగుచున్నది. కాలువ పారినన్నాళ్ళు దాని చప్పుడు మాకు వినబడదు. కట్టివేసిన నాటి రాత్రి ఏదియో లోపించినదని మెలకువ వచ్చును. జూనులో నీరు వదలిన రాత్రి మరల మెలకువ వచ్చును. ఒకటి రెండు రాత్రులు వినబడి, పిమ్మట ఆ చప్పుడు ఎప్పటివలె మరుగున పడును.

తొలివానకు లేచు మట్టివాసన అందరికిని ప్రియమైనదే. అయితే దానిని తీరికగా ఆఘ్రాణించుటకు ఒంటరివానికే సావకాశము. కాపురమున్న యింట వాన చినుకు పడగానే బట్టలు తీయువారు, వడియములు లోపల పెట్టువారు, పిల్లలను పిలుచువారు. వాసన చూచుట కెవరికి తీరిక? మా తీగపై నుండునది ఒక్క పంచ. తడిసిన తడియనిమ్మని గుమ్మములో నిలుచుందుము.

ఈ వాసన మట్టిది కాదని తెలిసినప్పుడు మేము మిక్కిలి ఆశ్చర్యపడితిమి. ఎండకాలమున చెట్లు వెలువరించు నూనెలు రాళ్ళలోను మట్టిలోను ఇంకియుండును. మట్టిలో నివసించు ఒకజాతి సూక్ష్మజీవులు జియోస్మిన్ అను పదార్థమును తయారుచేయును. తడి తగులగానే ఇవి గాలిలోనికి లేచును. ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులిరువురు 1964లో దీనికి పెట్రికోర్ అని పేరు పెట్టిరి. గ్రీకు భాషలో రాయి అను మాటయు, దేవతల నరములలో ప్రవహించు ద్రవమునకు గల పేరును కలిపిన మాట యది. అయితే ఆ పేరు పుట్టుటకు ఎంతో ముందే మన దేశమున కనౌజు పట్టణపు అత్తరువారు కాల్చిన మట్టినుండి ఈ వాసనను బట్టీపట్టి, చందనపు నూనెలో నిలిపి అమ్ముచుండిరి, నేటికిని అమ్ముచున్నారు. జియోస్మిన్ లక్ష కోట్ల భాగములలో కొద్ది భాగములున్నను మన ముక్కు పసికట్టును. సన్నని తుంపరకు లేచినంత వాసన జడివానకు లేవదేమని మాకు చిరకాలముగా సందేహము. 2015లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు అతివేగముగా చిత్రములు తీయు కెమెరాలతో దీనికి సమాధానము చూపిరి. చినుకు మట్టిపై పడినప్పుడు దాని క్రింద గాలి బుడగలు చిక్కి, పైకి లేచి పగిలి, వాసనగల తుంపరను ఎగజిమ్మునట. చినుకు మెల్లగా పడినప్పుడే ఇది బాగుగ జరుగును. జోరువాన నేలను కప్పివేయును. కనుక తొలివాన వాసన చూడదలచినవారు మొదటి రెండు మూడు నిమిషములలోనే గుమ్మములోనికి రావలయును.

సాయంకాలమును గూర్చి చెప్పుకొనదగిన దంతగా లేదు. కోనసీమలో సాయంకాలమున ఎవ్వడును ఒంటరివాడు కాడు. దోమలు వాని నట్లుండనీయవు.

రాత్రి వేరు. భోజనమైన పిమ్మట పెరటిలో నులకమంచముపై దోమతెర దించుకొని పడుకొన్నచో ఆకాశమంతయు మనదే. వైశాఖ రాత్రులలో తొమ్మిది గంటల వేళ దక్షిణపు దిక్కున, సముద్రమువైపు, కొబ్బరితలల నడుమ త్రిశంకు నక్షత్రములు వ్రేలాడుచుండును. మృగశిర కార్తెయని రైతులు చెప్పుకొను దినములలో మృగశిరా నక్షత్రమును వెదకితిమేని కనబడలేదు. కార్తె యనగా సూర్యుడు ఆ నక్షత్రముతో కూడియుండు పదమూడు, పదునాలుగు దినములు. సూర్యునితో కలిసి ఉదయించి సూర్యునితో అస్తమించు నక్షత్రము మన కంటికెట్లు చిక్కును? ఆరు మాసములు తాళినచో మార్గశిరమున రాత్రియంతయు తలమీదుగా నడచును. పంచాంగము ముప్పది యేండ్లుగా మా గోడకు వ్రేలాడుచునే యున్నది. ఈ సంగతి మాత్రము నులకమంచమెక్కిన పిమ్మటనే తెలిసినది.

మంచము ప్రక్క ముక్కాలిపీటపై పాత ట్రాన్సిస్టరు రేడియో యుండును. ఈ పత్రిక పాఠకులకు రేడియోను గూర్చి చెప్పుట తాతకు దగ్గు నేర్పుటయే యగును. అయినను ఒక మాట. పగటివేళ మధ్యతరంగములపై మాకు దగ్గరి కేంద్రములే వినబడును. రాత్రి ముల్లు త్రిప్పినచో అరవము, కన్నడము, ఒరియా, ఒక్కొకప్పుడు మేమెరుగని భాష కూడ చెవిని పడును. భూమికి 60 మొదలు 90 కిలోమీటర్ల యెత్తున సూర్యరశ్మి వలన ఏర్పడు విద్యుదావేశపు పొర యొకటి పగలు మధ్యతరంగములను మ్రింగివేయును. సూర్యుడు క్రుంకగానే ఆ పొర విడిపోవును. అప్పుడు తరంగములు ఇంకను పైకి, 100 కిలోమీటర్లకు మించిన యెత్తునకు పోయి, అచటి పొరలకు తగిలి దూరదేశములలో దిగును. ఆ పై పొరలు నిలుకడగా నుండవు గనుకనే ఆ గొంతు కెరటమువలె హెచ్చుచు తగ్గుచు నుండును. విజయవాడ కేంద్రము 1948లో వెలయుటకు ముందు, 1938లో ఆరంభమైన మద్రాసు కేంద్రమునుండి తెలుగుమాట వినుటకై మా పెద్దలు రాత్రివేళ చెవులు రిక్కించి కూర్చుండెడివారు. ఒంటరివానికి రేడియో తోడందురు, నిజమే. కాని దానిని ఆపివేసిన మరుక్షణమున చీకటియంతయు ఒక్కసారి దగ్గరకు జరిగి కూర్చున్నట్లుండును. మాకు ఆ క్షణమే యెక్కువ యిష్టము.

ఇన్ని చెప్పి ఒక్కటి దాచుట న్యాయము కాదు. గత సంవత్సరము శ్రావణమాసమున, ఇంకను వెలుగు రాకముందే, నూతిచప్టాపై పాచికి కాలుజారి పడితిమి. చీలమండ విరిగినది. లేవలేకపోతిమి. కేకవేసినచో కాలువ చప్పుడులో కలిసిపోయినది. వీధితలుపు లోపల గడియ వేసియున్నది. ఫోను లోపల గూటిలో నున్నది. చిన్న సంతోషములకు ఆటపట్టైన ఆ పెరడే గంటసేపు మాకు అంతులేని యెడారియైనది. పుష్యమాసమున మమ్ము నవ్వించిన నుయ్యి రెండడుగుల దూరమున నున్నది. దాని వంక చూడబుద్ధి పుట్టలేదు.

మమ్ము కాపాడినది ఒక గిన్నె. ప్రతిరాత్రియు పాలగిన్నెను అరుగుమీద పెట్టుట మా అలవాటు. ఉదయమున పాలామె అందులో పాలు పోసి, తలుపు తట్టి పోవును. ఆ రాత్రి మరచి లోపలనే యుంచితిమి. ఆమె వచ్చి చూచినది, గిన్నె లేదు. తట్టినది, పలుకు లేదు. మరియొకరైనచో "నిద్రపోవుచున్నారు కాబోలు" అని పోయెడివారు. ఆమె ప్రక్కసందు త్రోవను పెరటి దడికి వచ్చి, "మేష్టారండీ! గిన్నె అరుగు మీద లేదేటండీ?" అని పిలిచినది. ఆ పిలుపుకంటె ఇంపైన మాటను మేము ఏ రేడియోలోను వినలేదు.

కుమారుడు పరుగున వచ్చినాడు. "నాన్నగారూ, ఇక చాలండి, మా దగ్గరకు వచ్చేయండి" అన్నాడు. పోయితిమి. హైదరాబాదులో తొమ్మిదవ అంతస్తున రెండు నెలలుంటిమి. కొడుకు, కోడలు కంటికి రెప్పవలె చూచిరి. వారిని వంక పెట్టుటకు లేదు. కాని ఉదయము ఎనిమిదిన్నరకు అందరును పనులకును బడికిని పోవుదురు. సాయంకాలము వరకు తలుపు తట్టువాడు లేడు. ఎదురింటివారి పేరు రెండు నెలలకును తెలియలేదు. నలుగురున్న యింట ఒంటరితనము మరల మా ప్రక్కకు వచ్చి కూర్చున్నది. కర్ర ఊతతో నడక రాగానే తిరిగి వచ్చితిమి. కుమారుడు కోపగించినాడు. వాని భయమును అబద్ధమనలేము. చూపు మందగించినవారు, తల తిరుగువారు, మతిమరపు ముదిరినవారు మావలె చేయుట మేము మెచ్చము. మాకు ఆ దినము వచ్చినప్పుడు పోవుదుమని వానికి మాట యిచ్చితిమి.

అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో అనునతడు వాల్డెన్ అను కొలను గట్టున పదియడుగుల వెడల్పు, పదునైదడుగుల పొడవు గల గుడిసె కట్టుకొని, 1845 జూలై 4 మొదలు 1847 సెప్టెంబరు 6 వరకు ఒంటిగా నివసించెను. ఆ ముచ్చటలతో 1854లో ఆయన వెలువరించిన పుస్తకము లోకప్రసిద్ధము. అది చదివినవారు ఆయన ఘోరారణ్యమున తపస్సు చేసెనని తలంతురు. వాస్తవమున కాంకర్డ్ అను ఊరు ఆ గుడిసెకు మైలున్నర దూరము. రైలుబాట కొలను ప్రక్కనుండియే పోవును. ఆయన తరచు ఊరిలోనికి నడచిపోయి తనవారి యింట భోజనము చేసి వచ్చెడివాడు. గుడిసెలో కుర్చీలు మూడు. ఇది తెలిసి కొందరు ఆయనను ఎగతాళి చేయుదురు. ఆయన తెలివి అందులోనే యున్నదని మా యభిప్రాయము. ఏకాంతమునకు ఊరు కావలయును, నడచిపోగలంత దూరమున. పిలిచినచో వినబడునంత దూరముననైన మరియు మంచిది. 2018లో బ్రిటను ప్రభుత్వము ఒంటరితనపు బాధను కనిపెట్టి చూచుటకు ఒక మంత్రిని నియమించినది. మా ఊరిలో ఆ శాఖను పాలామె చూచుచున్నది.

ఇప్పుడు నూతిచప్టాను గరుకుగా చేయించితిమి. పొద్దు పొడువనిదే అటు పోము. ఫోను బనీను జేబులోనే యుండును. తాళపుచెవి యొకటి ఎదురింటివారి వద్ద నున్నది. గిన్నె నియమము మాత్రము పాలామెయే పెట్టినది: పెందలకడనే గిన్నె కడిగి అరుగుపై బోర్లింపవలెను, లేనిచో తట్టుటకు బదులు తిన్నగా దడి దాటి వచ్చును.

మొన్న నొక ఉదయమున పెరటిగుమ్మములో కూర్చుండి చద్ది తినుచుండగా దడి ఫెళ్ళున విరిగిన చప్పుడైనది. చూడగా పాలామె, వెనుక ఎదురింటి కుర్రవాడు, వాని చేతిలో తాళపుచెవి. రాత్రి పిల్లి గిన్నెను వీధిలోనికి దొర్లించినదట! ఆమె మమ్మును చూచినది, చద్దిపిడతను చూచినది, మాగాయను చూచినది. "నా గుండెలు ఆగిపోయాయండీ బాబూ, తవరేమో ఇక్కడ ఊరగాయ నంజుకుంటన్నారు!" అని నడుముపై చేతులు పెట్టుకొని కేకలేసినది. దడి కట్టించుటకు నూటయేబది రూపాయలైనది. ఆ రాత్రినుండి గిన్నెమీద ఒక ఇటుక పెట్టుచున్నాము.